మా చలనచిత్ర పుట: ధనాశయు దాంపత్యమును

ధనము లేనిదే సంసారము సాగదు. ధనమే సంసారమైనచో అదియు సాగదు. ఈ రెండు మాటలును మన పాఠకురాండ్రకు క్రొత్తవి కావు. నెల మొదట చేతికి వచ్చిన సొమ్మును బియ్యమునకింత, పాలకింత, పిల్లల చదువునకింత అని పంచిపెట్టు ఇల్లాలు ఈ నిజమును పుస్తకములలో చదివి తెలిసికొనవలసిన పని లేదు. అయినను ఈ రెండు మాటలను ఎదురెదురుగా నిలిపి, కొంత నవ్వించి, కొంత భయపెట్టి, తుదకు మనస్సును మెత్తపఱచునట్లు చూపిన చలనచిత్రమొకటి కలదు. ఈ నెల దానిని గూర్చి మా సోదరీమణులతో ముచ్చటింపదలచితిమి. దాని పేరు "ఫార్గో".

ఇది అమెరికా దేశపు చిత్రము. 1996వ సంవత్సరమున విడుదలయ్యెను. జోయెల్ కోయెన్, ఈథన్ కోయెన్ అను అన్నదమ్ములిద్దఱును కూడి కథను వ్రాసిరి. అన్న దర్శకుడుగను, తమ్ముడు నిర్మాతగను పేర్లు వేసికొనిరి. వీరు పెరిగినది మిన్నెసోటా రాష్ట్రములోని మినియాపొలిస్ నగరపు శివారున. కథ నడచునదియు ఆ ప్రాంతముననే. చిత్రమునకు పేరిచ్చిన ఫార్గో పట్టణము ప్రక్కనున్న ఉత్తర డకోటా రాష్ట్రములోనిది. అది కథారంభమున ఒక్క ఘట్టమునందు కనబడి మఱుగైపోవును. చిత్రపు నిడివి 98 నిమిషములు మాత్రమే. ఆ సంవత్సరమే కాన్ ఉత్సవమున జోయెల్ కోయెన్ ఉత్తమ దర్శకుడుగా బహుమానమందెను. 1997 మార్చిలో ఆస్కార్ బహుమానములలో రెండు దీనికి దక్కినవి. ఒకటి కథారచనకు, రెండవది నాయిక ఫ్రాన్సెస్ మెక్‌డార్మండ్‌కు. ఈమె దర్శకుని భార్యయే. వారి వివాహము 1984లో జరిగెను.

ముందుగా ఒక హెచ్చరిక చేయుట మా విధి. ఇది పిల్లలతో కూడ కూర్చుండి చూడదగిన చిత్రము కాదు. ఇందు నెత్తురు కలదు, మొఱటు మాటలు కలవు, కన్నులు మూసికొనవలసిన చోట్లును కలవు. పెద్దవారు, అందును గుండె నిబ్బరము గలవారు చూడవలసినది. చూడని వారికి కథ తెలిసినను నష్టము లేదు. ఏమి జరుగునో అన్న ఉత్కంఠ కంటె, ఇట్లు జరుగుటకు మొదలెక్కడ పడినది అన్న ఆలోచనయే ఇందలి సారము. కావున కథను దాచక చెప్పుచున్నాము.

1987వ సంవత్సరపు శీతకాలము. మినియాపొలిస్ నగరమున జెర్రీ లుండెగార్డ్ అను గృహస్థు కలడు. మామగారైన వేడ్ గుస్తాఫ్సన్‌కు చెందిన మోటారుబండ్ల దుకాణములో అమ్మకముల పెత్తనము ఇతనిది. భార్య పేరు జీన్. బడికి పోవు కుమారుడు స్కాటీ. ఇల్లు కలదు, వాకిలి కలదు, పొయ్యిలో నిప్పు కలదు. చూచువారికి ఏ లోటును కనబడదు. కాని ఇతడు లేని బండ్లను ఉన్నట్లు కాగితములపై వ్రాసి 3,20,000 డాలర్లు అప్పు తెచ్చియున్నాడు. అప్పిచ్చినవారు బండ్ల సంఖ్యలు సరిగా కనబడుట లేదని మాటిమాటికి టెలిఫోనులో అడుగుచున్నారు. ఇతడు రేపు పంపెద, మాపు పంపెద నని నీళ్లు నములుచున్నాడు. ఈ మనుజుడు ఇంత చిక్కులో ఎట్లు పడెనో చిత్రములో ఎక్కడను చెప్పబడలేదు. ఆ లోపము తెలిసి చేసినదే యని మాకు తోచుచున్నది. జూదమో, వ్యాపారమో, దుర్వ్యసనమో చెప్పినచో చూచువారు "మా యింట అట్టిది లేదు గదా" అని తప్పించుకొందురు. చెప్పకుండుటచే ఆ గొయ్యి ఎవరి వాకిటనైనను ఉండవచ్చునన్న దిగులు కలుగును.

ఈ చిక్కునుండి బయటపడుటకు జెర్రీ పన్నిన ఉపాయమేమి? ఫార్గో పట్టణములోని ఒక పానశాలలో ఇద్దఱు దుర్మార్గులను కలిసికొని, తన భార్యను ఎత్తుకొనిపొమ్మని బేరమాడెను. మామ ధనవంతుడు, కూతురి కొఱకు ఎంతైనను ఇచ్చును. విడుదలకు 80,000 డాలర్లు వచ్చుననియు, అందు సగము వారికిత్తుననియు, పైగా క్రొత్త బండి నొకదానిని ముందుగనే ఇచ్చుచున్నాననియు చెప్పెను. ఇందును మోసమే. మామతో అతడు చెప్పబోవు మొత్తము 80,000 కాదు, 10 లక్షలు. దొంగలను మోసగించి, మామను మోసగించి, భార్యను అడ్డుపెట్టి, మిగిలిన తొమ్మిది లక్షల పైచిలుకు తాను మ్రింగవలెనని అతని యెత్తు.

ఇచ్చట సోదరీమణులు ఒక్క క్షణ మాగవలెను. జెర్రీ భార్యను ద్వేషించుచున్నాడా? లేదు. ఆమెపై చేయి చేసికొనడు, పరుషముగా పలుకడు. ఆమెకు కీడు జరుగవలెనని కోరుకొననుగూడ లేదు. నాలుగు దినములు ఎచ్చటనో ఉంచి తిరిగి తెచ్చి విడుతురు, ఎవరికిని నష్టము లేదు అని తనకు తాను నచ్చజెప్పుకొన్నాడు. ఆపదలో నగ నొకదానిని కుదువబెట్టి, చేతిలో సొమ్ము పడగనే విడిపించుకొందమని తలంచు వానివలె, భార్యను కుదువబెట్టినాడు. ద్వేషముకంటె ఇదియే ఎక్కువ భయంకరమని మేము తలంచుచున్నాము. ద్వేషించువాడు భార్యను మనుష్యురాలుగనైనను గుర్తించును. లోభమునకు ఆ గుర్తింపును ఉండదు. దానికి కనబడునదంతయు వెల కట్టదగిన వస్తువే.

ఇంత పెద్ద పాపమునకు ముందు చిన్న చిన్న అబద్ధములెట్లు ఒక్కొక్కటిగా వచ్చి చేరునో చిత్రకారులు నేర్పుతో చూపిరి. దుకాణమునకు వచ్చిన దంపతులకు వారు వలదన్న పూత నొకదానిని బండికి పూసి, దాని వెలను బిల్లులో చేర్చెను. వారు కోపింపగా "పై అధికారి నడిగి వచ్చెద" నని లోపలికి పోయి, అధికారి నడుగక, ప్రక్క గదిలోని స్నేహితునితో ఆటల ముచ్చట్లాడి తిరిగి వచ్చి, 100 డాలర్లు తగ్గించుటకు మహాకష్టముమీద ఒప్పించినట్లు నటించెను. ఆ ఘట్టము చూచునపుడు నవ్వు వచ్చును. తరువాత భార్య మాయమైన దినమున మామగారికి ఆ దుర్వార్తను ఏ గొంతుతో చెప్పవలెనో అతడు ముందుగా వల్లించుకొనుట వినబడును. ఒక మాఱు ఏడ్పు గొంతు, ఒక మాఱు తొట్రుపాటు గొంతు. అప్పుడు నవ్వు గొంతులో అడ్డుపడును. నూఱు డాలర్ల అబద్ధమును, పది లక్షల అబద్ధమును ఒక్క నోటనుండియే, ఒక్క తీరుననే వచ్చినవని తెలిసిపోవును.

జీన్ చేతిలో అల్లికసూదులతో టెలివిజను ముందు కూర్చున్న ప్రాతఃకాలమున దుర్మార్గులు ఇంట చొరబడిరి. ఆమె పెనగులాడి ఒకని చేతిని కొఱికినది. స్నానపుగదిలో తెఱ వెనుక దాగి, ఆ తెఱతోనే చుట్టుకొని పరుగిడి, మెట్లమీదనుండి దొర్లి పడినది. కొఱుకబడిన దొంగ మాత్రము తాను వచ్చిన పని మఱచి, స్నానపుగది బీరువాలో తన వ్రేలికి పూతమందు వెదకికొనుచుండెను. ఇట్టివే ఈ చిత్రములోని హాస్యపు జాడలు. దొంగలు మహాశూరులు గారు, మాయావులు గారు. వ్రేలి గాయమునకు మందు కావలెనని గొణిగెడి అల్పులు. మంచుదారిని పోవుచుండగా బండికి తాత్కాలికపు చీటి లేదని రక్షకభటుడొకడు వారిని ఆపెను. ఆ చిన్న పొరపాటునకు భటుడు ప్రాణము గోల్పోయెను. అటుగా పోవుచు చూచిన పాపమునకు మఱి యిద్దఱు చచ్చిరి. ఎవరికిని కీడు లేదనుకొన్న ఉపాయమునకు మొదటి రాత్రియే మూడు ప్రాణములు బలియయ్యెను.

ఇక మామగారి సంగతి. వేడ్ గుస్తాఫ్సన్‌కు కూతురన్న ప్రేమ లేకపోలేదు. తన కూతురికిని, మనుమనికిని ఎన్నడును డబ్బునకు కొఱత రాదని అల్లుని యెదుటనే చెప్పును. అల్లుని పేరు మాత్రము ఆ మాటలో చేర్చడు. కాని 10 లక్షలని వినగనే, సగమిత్తు మన్నచో ఒప్పుకొందురేమో యని బేరమునకు దిగెను. ఇది పశువుల సంత కాదని ప్రక్కనున్న లెక్కలవాడు అడ్డు చెప్పవలసి వచ్చెను. తరువాత సొమ్ము తానే స్వయముగా తీసికొనిపోవుదునని పట్టుపట్టెను. సొమ్ము తనది, కూతురు తనది, కావున పోవలసినది తానేనన్నట్లు తుపాకి జేబులో పెట్టుకొని పోయెను. కూతురిని ముందు చూపనిదే సొమ్మీయనని దొంగతో వాదించి ప్రాణము పోగొట్టుకొనెను. ప్రేమలో అధికారము కలిసినపుడు, ఏది ప్రేమయో ఏది యాజమాన్యమో ఆ మనుష్యునికే తెలియదు. ఇతనిని మేము దుర్మార్గుడనలేము. కాని ప్రేమను గూడ ఖాతాపుస్తకములోనే వ్రాసికొనువాడనక తప్పదు.

ఈ పెద్దలందఱు ఒక ఫలాహారశాలలో కూర్చుండి 10 లక్షలను గూర్చి తర్కించుచుండగా, లెక్కలవాడే జెర్రీని, పిల్లవాడెట్లున్నాడని అడిగెను. అప్పుడుగాని తండ్రికి కొడుకు జ్ఞప్తికి రాలేదు. తల్లిని దొంగ లెత్తుకొనిపోయిన బాలుడు ఇంట తన గదిలో ఒంటరిగా కన్నీరు కార్చుచున్నాడు. తండ్రి పోయి ఓదార్చు మాటలు చెప్పెను, కాని అవియు అబద్ధములే. ఈ చిత్రములో ఏడుగురు హతులైరి. అయినను మా మనస్సును ఎక్కువగా కలచినది నెత్తురు గల ఘట్టము కాదు. తన గదిలో కూర్చున్న ఈ బాలుని ఘట్టమే.

చిత్రము మొదలై సుమారు అరగంట గడచిన తరువాత నాయిక ప్రవేశించును. ఇంకను తెల్లవాఱలేదు. బ్రెయినర్డ్ అను చిన్న పట్టణమునకు పోలీసు అధికారిణియైన మార్జ్ గండర్సన్ భర్త ప్రక్కన నిద్రించుచుండగా టెలిఫోను మ్రోగెను. ఆమె 7 నెలల గర్భవతి. హత్యలు జరిగినవని వార్త. ఆమె లేచుచు, భర్త నార్మ్‌ను నిద్రపొమ్మనెను. అతడు వినక, ఏమైనను తిని పోవలెనని చెప్పి, తానును లేచి గ్రుడ్లు వండి పెట్టెను. ఇద్దఱును బల్లవద్ద కూర్చుండి తినిరి. మాట లెక్కువ లేవు. ఆమె బయటికి పోయి, వెంటనే తిరిగి వచ్చి, బండి కదలుట లేదు, కొంచెము సాయము చేయుమనెను. అంతే. ప్రేమ యను మాట ఆ ఘట్టములో ఎక్కడను వినరాదు. కాని గర్భవతియైన భార్య కడుపు మాడ్చుకొని చలిలోనికి పోరాదని చీకటిలో లేచి పొయ్యి వెలిగించిన భర్తను చూచి, ఇది యేమని మా పాఠకురాండ్రకు మేము చెప్పవలెనా?

మార్జ్ పనిలో ఎంత సమర్థురాలో, మాటలో అంత మృదువైనది. మంచుమీది అడుగుజాడలను చూచి, వచ్చినవారెందఱు, ఎవడు పొడుగు, ఎవడు పొట్టి, ఏది ముందు జరిగినది, ఏది తరువాత జరిగినది అని క్షణములో పోల్చెను. చచ్చిన భటుని పుస్తకములోని మూడక్షరములను ఆమె క్రింది యుద్యోగి బండి సంఖ్య యనుకొనగా, అవి అమ్మకపుదారుల బండ్లకుండు గుర్తని ఆమె తెలిసికొనెను. అతనిని గద్దింపలేదు. అతని పనితో తాను పూర్తిగా ఏకీభవింపలేకున్నానని నెమ్మదిగా చెప్పి, వెంటనే ఒక హాస్యపు మాట చెప్పి నవ్వించెను. తప్పు దిద్దవలెను, మనిషి చిన్నబోరాదు. ఇంటిలో గాని కచేరిలో గాని పెత్తనము చేయువారికి ఇంతకంటె మంచి పాఠము లేదు.

మధ్యాహ్నము భర్త కచేరికి భోజనము తెచ్చును. భార్య అతనికొఱకు ఒక పొట్లము తెచ్చి యుంచినది. అందున్నవి చేపలు పట్టుటకు ఎఱగా వేయు వానపాములు. ఒకవైపు హత్యల విచారణ, ఒకవైపు వానపాముల పొట్లము, నడుమ భోజనము. చూచినవారికి నవ్వు రాక మానదు. కాని ఆ నవ్వులో ఎగతాళి లేదు. వీరిద్దఱును ఒకరి యవసరమును ఒకరు జ్ఞప్తిలో నుంచుకొన్నవారు. జెర్రీ కన్నకొడుకునే మఱచెను. మార్జ్ భర్త గాలమునకు కావలసిన వానపాములను గూడ మఱువలేదు. వ్యత్యాస మంతయు ఇచ్చటనే కలదు.

కథనడుమ ఒక చిన్న ఉపకథ వచ్చును. మార్జ్ విచారణకై నగరమునకు పోయినపుడు, ఒకప్పటి సహాధ్యాయి మైక్ ఆమెను హోటలులో కలిసికొనెను. తన భార్య వ్యాధితో మరణించినదని చెప్పి, తాను మిక్కిలి ఒంటరివాడనని కన్నీరు పెట్టుకొనెను. మార్జ్ జాలిపడెను. అతడు ప్రక్కకు వచ్చి కూర్చుండబోగా, ఎదుటనే కూర్చుండు మని మర్యాదగా చెప్పెను. మఱునాడు ఒక స్నేహితురాలితో మాటలాడగా, ఆ స్త్రీ ఇతని నెన్నడును పెండ్లాడలేదనియు, ఆమె సజీవురాలే యనియు తెలిసినది. ఈ ఉపకథ ఎందులకని కొందఱడుగుదురు. మాకు తోచినది ఇది. కన్నీటితో, మర్యాదతో చెప్పిన మాటయు అబద్ధము కావచ్చునని మార్జ్ అప్పుడు తెలిసికొనెను. తిన్నగా బండ్ల దుకాణమునకు తిరిగి పోయి, నవ్వుముఖముతో తనను పంపివేసిన జెర్రీని మఱల ప్రశ్నించెను. ఈ మాఱు జెర్రీ తడబడి, కోపించి, బండ్లు లెక్కపెట్టి వచ్చెదనని చెప్పి పారిపోయెను. మంచితనము వేఱు, అమాయకత్వము వేఱు. మొదటిది విడువకయే రెండవదానిని విడువవచ్చునని ఈమె చూపినది.

ఇక సొమ్ము ఏమయ్యెనో వినుడు. వేడ్ తెచ్చిన పెట్టె కార్ల్ అను దొంగ చేతబడెను. అతనికి దవడలో గుండు తగిలినది. 80,000 ఉండునని తెఱచి చూడగా 10 లక్షలు కనబడెను. అందు 80,000 తీసి, మిగిలిన 9,20,000 డాలర్లను దారి ప్రక్కన కంచె మొదట మంచులో పాతిపెట్టి, అద్దముమీది మంచు గీకెడి ఎఱ్ఱని పనిముట్టు నొకదానిని గుర్తుగా గ్రుచ్చెను. చుట్టును చూచిన ఎటు చూచినను ఒక్కటే కంచె, ఒక్కటే మంచు. తోడిదొంగవద్దకు తిరిగి పోయి అతని వంతు 40,000 ఇచ్చెను. అప్పటికే జీన్ ఆ తోడిదొంగ చేతిలో ప్రాణము విడిచియుండెను. తోడిదొంగ బండి వెలలోను సగ మిమ్మనెను. తొమ్మిది లక్షలు మంచులో దాచుకొన్న వాడు ఆ బండిలో సగము వదలుకొనలేక తగవులాడెను. గొడ్డలి దెబ్బ తిని చచ్చెను. ఇంతకు ముందొకసారి విమానాశ్రయమువద్ద బండి నిలుపు రుసుము 4 డాలర్లకు వాదము పెట్టుకొన్నవాడును ఇతడే. లోభికి పెద్ద మొత్తము, చిన్న మొత్తము అను భేదము తెలియదు. నాలుగును వదలలేడు, తొమ్మిది లక్షలును అనుభవింపలేడు. పాతిన సొమ్మును తిరిగి తీసికొన్నవాడు ఈ కథలో ఎవడును లేడు.

మార్జ్ ఒంటరిగా పోయి, కట్టెలను తునకలు చేయు యంత్రమువద్ద మిగిలిన హంతకుని పట్టుకొనెను. ఆ ఘట్టమును మేము వర్ణింపము. అతనిని బండి వెనుకభాగమున కూర్చుండబెట్టుకొని పోవుచు ఆమె మాటలాడిన మాటలే చిత్రమునకు ప్రాణము. ఆమె కోపింపలేదు, శపింపలేదు. చచ్చిన వారి నొక్కొక్కరిని లెక్కించి, ఇంతయు కొంచెము డబ్బు కొఱకేనా యని అడిగినది. జీవితములో డబ్బుకంటె ఎక్కువైనవి కలవు గదా, ఆ సంగతి నీకు తెలియదా యని అడిగినది. ఆకాశము మబ్బుపట్టి యుండగా, ఈ దినము ఎంత అందముగా నున్నదో చూడుమన్నట్లు పలికినది. హంతకుడు మాఱు పలుకలేదు. ఆమెకు నిజముగనే అర్థము కాలేదు. అర్థము కాకుండుటయే ఆమె ఆరోగ్యము.

చివర దంపతులు మఱల తమ పడకగదిలో కనబడుదురు. నార్మ్ పక్షుల బొమ్మలు వ్రాయు చిత్రకారుడు. తపాలాబిళ్ళల పోటీకి బాతు బొమ్మ నొకదానిని పంపియుండెను. అది ఎన్నికైనది, కాని 3 సెంట్ల బిళ్ళకు మాత్రమే. మఱియొకరి చిత్రము 29 సెంట్ల బిళ్ళకు ఎన్నికైనది. మూడు సెంట్ల బిళ్ళ నెవరు వాడుదురని అతడు చిన్నబోయెను. తపాలా వెల పెరిగినపుడు, పాత బిళ్ళలు మిగిలిన వారందఱికిని చిన్న బిళ్ళలే కావలెను గదా యని భార్య చెప్పినది. తాము చక్కగనే ఉన్నామనియు చెప్పినది. బిడ్డ పుట్టుటకు ఇంక రెండు నెలలని ఇద్దఱును అనుకొనిరి. చిత్రము ముగిసెను. పది లక్షలను గూర్చిన కథ మూడు సెంట్లతో ముగిసినది. ఆ రెండింటిలో ఏది సంసారమును నిలుపునో చూచినవారే చెప్పవలెను.

ఈ చిత్రముపై వచ్చిన ఆక్షేపణలను గూడ చెప్పుట న్యాయము. మొదటిది, ఇది నిజముగా జరిగిన కథ యని చిత్రారంభమున వ్రాసిరి. అది నిజము కాదు. చివరి అక్షరములలో పాత్రలన్నియు కల్పితములేనని వారే వేసికొనిరి. కథలో ఇందఱు అబద్ధమాడుచుండగా కథ చెప్పువారును ఒక అబద్ధముతో మొదలుపెట్టుట వారి పరిహాసము కావచ్చును. మాకు అది అంతగా రుచింపలేదు. రెండవది, ఆ ప్రాంతమున నార్వే, స్వీడన్ దేశములనుండి వలస వచ్చినవారి సంతతి మెండు. వారి సాగదీసిన పలుకుబడిని ఎగతాళి చేసిరని అక్కడివారు కొందఱు నొచ్చుకొనిరి. మేమనుకొనుట, ఆ యాసతో పలుకువారిలోనే మార్జ్‌యు ఉన్నది. చిత్రములో అందఱికంటె తెలివిగలది, అందఱికంటె మంచిది ఆమెయే. కావున యాస నవ్వులపాలు కాలేదు.

మూడవ ఆక్షేపణ మాది. జీన్‌కు ఈ చిత్రములో నోరు లేదు. ఎత్తుకొనిపోయిన తరువాత ఆమె తలకు ముసుగు వేసిరి. అది మొదలు ఆమె ఏమనుకొన్నదో, ఎవరిని తలచుకొన్నదో మనకు తెలియదు. కుమారుని తలచుకొని యుండును. తన్నీ స్థితికి తెచ్చినది భర్తయేనని ఆమె తెలిసికొనెనో లేదో గూడ తెలియదు. భర్తకు, తండ్రికి, దొంగలకు ఆమె ఒక మొత్తముగనే కనబడినది. చిత్రకారులును ఆమెకు మఱికొంత చోటిచ్చియుండవలసినది. ఆమెను గూర్చి చివరకు ఒక మనుష్యురాలిని గూర్చినట్లు జాలితో తలచినది మార్జ్ ఒక్కతెయే.

మన యిండ్లలో ఇట్టి ఘోరములు జరుగునని మేమనము. కాని జెర్రీ చేసిన మొదటి తప్పు ఎత్తుకొనిపోవుటకు బేరమాడుట కాదు. అప్పును ఇంట చెప్పకుండుట. భార్య ప్రక్కన కూర్చుండి భోజనము చేయుచు, ఏమియు లేనట్లు నవ్వుచు, నెలలు గడిపినాడు. ఆ దినమే "జీన్, నేను తప్పు చేసితిని, మునిగిపోవుచున్నాను" అని చెప్పినచో ఏమయ్యెడిది? కోపము, ఏడ్పు, మామగారి తిట్లు, బహుశః చెఱసాల. కాని ఆమె బ్రదికియుండెడిది. ఇంటి మర్యాద పోవునను భయముచే అప్పు దాచుదురు. దాచిన అప్పు మర్యాదతో కూడ ఇంటినే తీసికొనిపోవును.

కావున మా విన్నపమిది. ఇంటి రాబడియు, అప్పును భార్యాభర్తలిద్దఱికిని తెలియవలెను. భర్త చూపిన కాగితముమీద ఇల్లాలు చదువక సంతకము చేయరాదు. అడుగుట అవిశ్వాసమని ఎవరైన అన్నచో, అడుగనీయకుండుటయే అవిశ్వాసమని చెప్పవలెను. ఇది భర్తలకు మాత్రమే చెప్పు మాట కాదు. ఇంట చెప్పక కట్టిన చీట్లు, ప్రక్కింటివారికి పూటపడిన అప్పులు, పండుగకు తెచ్చి దాచిన వాయిదా బాకీలు మనవైపునను ఉండవచ్చును. భయము లేక చెప్పుకొనగల చోటు ఇంట లేనప్పుడే అబద్ధము పుట్టును. చెప్పినవారిపై విరుచుకుపడక, ముందు విని, తరువాత కోపించు నేర్పు ఉభయులును అలవఱచుకొనవలెను. తెల్లవాఱుజామున గ్రుడ్లు వండిపెట్టిన నార్మ్‌యు, మూడు సెంట్ల బిళ్ళను మెచ్చుకొన్న మార్జ్‌యు ధనవంతులు గారు. వారింట దాపఱికము లేదు, అంతే.

ఈ చిత్రమును 2006లో అమెరికా ప్రభుత్వమువారు శాశ్వతముగా భద్రపఱుపదగిన చిత్రముల పట్టికలో చేర్చిరి. దీని పేరుతోనే వేఱొక కథలుగల టెలివిజను ధారావాహిక 2014లో ఆరంభమయ్యెను. అది వేఱు సంగతి. ఈ చిత్రమును చూచిన సోదరీమణులు జీన్‌ను గూర్చియు, మార్జ్‌ను గూర్చియు తమ యభిప్రాయములను మాకు వ్రాసి పంపుదురుగాక. భర్తలతో కలిసి చూచినవారు, చిత్రము ముగిసిన పిమ్మట ఇంటి లెక్కలపుస్తకమును ఒకమాఱు ఇద్దఱును కలిసి తెఱచి చూచినచో మా శ్రమ ఫలించినదని సంతసింతుము.